అమీన్ సాబ్ గోడ నుంచి కొలిచిన ఇళ్లు

పోయిన నెల మా అపార్టుమెంటుకు కోర్టు మనిషి వచ్చాడు. లిఫ్టు సంగతి పట్టించుకోవడం లేదని మూడో అంతస్తు ఆయన అసోసియేషన్ మీద కేసు వేశాడు. దాని నోటీసు ఇవ్వడానికి అతను ప్రెసిడెంటు గారి బెల్లు కొట్టాడు. అప్పటిదాకా వరండా అంతా మోగుతున్న టీవీ ఠక్కున ఆగిపోయింది గానీ తలుపు తెరుచుకోలేదు. సెక్రటరీ గారింట్లోనూ అదే తంతు. చదువుకున్నవాళ్లు, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్లు, ఒక్క కాగితానికి జడిసి ఇళ్లలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నాకు అసోసియేషన్‌లో ఏ పదవీ లేదు. అయినా చూస్తూ ఊరుకోలేక అతన్ని లోపలికి పిలిచి కాసిన్ని మంచినీళ్లిచ్చాను. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చున్నాడు, ఎవరైనా వచ్చి లేవమంటారేమో అన్నట్టు. అది చూడగానే నాకు అమీన్ సాబ్ గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజంతా పని చేసుకుంటూ ఆయన్నే తలుచుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా మా పాత కాలనీలో ఎవరూ పోల్చుకోలేరు. పిల్లలకూ పెద్దలకూ, పాలవాడికీ పోస్టుమాన్‌కూ ఆయన అమీన్ సాబే. అమీను అంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. జడ్జి తీర్పు కాగితం మీదే ఉంటుంది. దాన్ని చేతపట్టుకుని ఊళ్లకు వెళ్లి అమలు జరిపేవాడు అమీను. సామాను జప్తు చెయ్యాలన్నా, పొలం కొలిచి హద్దు చూపాలన్నా, ఓడినవాణ్ని ఇంట్లోంచి పంపి గెలిచినవాడికి తాళం చెవి ఇవ్వాలన్నా ఆయనే వెళ్లాలి. మా అమీన్ సాబ్ నిజాం కాలంలో ఉర్దూ కాగితాలతో కొలువులో చేరి, డెబ్బైల మొదట్లో ఇంగ్లీషు కాగితాలతో రిటైరయ్యాడు. ఎవరి ఇంటికి వెళ్లినా ఆయన్ను సంతోషంగా చూసినవాళ్లు లేరు. అంత బతుకు అలా గడిపిన మనిషి అంత తేలిగ్గా నవ్వేవాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హన్మకొండ అవతల, రాళ్లగుట్ట కింద మా హౌసింగ్ సొసైటీ కాలనీ. ఉద్యోగులూ వ్యాపారులూ కలిసి సొసైటీ పెట్టుకుని, భూమి కొని, ప్లాట్లు చేసి పంచుకున్నారు. బడిలో టీచరుగా చేరిన కొత్తలో నేనూ సభ్యురాలినయ్యాను. మా వరసలో ఏడు ఇళ్లు. రోడ్డు వైపు మొదటి ఇల్లు అమీన్ సాబ్‌ది. చివరి ఇల్లు నాది. నా జీతంతో, నా పేరు మీద కట్టుకున్న ఇల్లు. మా వారు బ్యాంకులో పని చేసేవారు, నెమ్మదైన మనిషి. ఆయన నెమ్మదికి సరిపడా నోరు దేవుడు నాకిచ్చాడు.

అమీన్ సాబ్ ఎవరింటికి వచ్చినా గేటు తీసేవాడు కాదు. బయటే నిలబడి గొంతు సవరించుకుని, "టీచరమ్మా, ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగేవాడు.

"ఉన్న గద అమీన్ సాబ్, కనబడ్తలేనా?" అనేదాన్ని నేను, వాకిట్లో చీపురుతో నిలబడి.

"కనబడ్డోళ్లంత ఉన్నట్టు గాదు బిడ్డా. నా నౌకరీల ఎదురుంగ నిలబడి లేనన్నోళ్లను మస్తుమందిని చూసిన," అనేవాడు.

గృహప్రవేశం నాడు కూడా అంతే. భోజనాలు మొదలయ్యాయి, అందరూ వచ్చారు, ఈయన మాత్రం ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను రెండుసార్లు పిలిచాను. మూడోసారి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. గడప దగ్గర మళ్లీ ఆగి, తలుపుకు ఎదురుగా కాకుండా పక్కకు జరిగి నిలబడ్డాడు. ఇదేమిటని అడిగితే, ఒకసారి ఒక ఊళ్లో తలుపు తీసిన మనిషి రోకలిబండ విసిరాడట, అప్పటి నుంచి తలుపుకు ఎదురుగా నిలబడడం మానేశాడట.

"నన్ను లోపటికి రమ్మన్నోళ్లు తక్కువ. జర అలవాటు గావాలె," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం మనసులో కలుక్కుమంది.

ఇంట్లోకి వచ్చాక ఇంకో తమాషా. కూర్చున్నచోటి నుంచే ఆయన కళ్లు సామానంతా లెక్కపెట్టేసేవి. కావాలని కాదు, అలవాటు కొద్దీ. "మీ ఇంట్ల బిందెలు ఎనిమిది, ఒకదానికి సొట్ట," అని చెప్పేసి, తర్వాత నాలుక కరుచుకునేవాడు. చట్టం ప్రకారం జప్తు చెయ్యకూడని వస్తువులు కొన్ని ఉంటాయట. వంట గిన్నెలు, కట్టుబట్టలు, పడుకునే పక్కలు, ఆడమనిషి మెడలో పుస్తె, పనివాడి పనిముట్లు. ఆ జాబితా ఆయనకు కంఠతా వచ్చు. ఏదైనా బాగా నచ్చితే, "ఇది జప్తుకు రాదు," అనేవాడు. మా అత్తగారు చేసిన చింతకాయ పచ్చడి జప్తుకు రాదు. మా పాపకు మొదటి పన్ను వచ్చినప్పుడు చూసి, అదీ జప్తుకు రాదన్నాడు. కాలనీలో ఆ మాట అందరి నోళ్లలోనూ పడిపోయింది. రంజాన్ నాడు షీర్ ఖుర్మా గిన్నెలు ఇంటింటికీ తనే పట్టుకొచ్చి, ఒక నోటుబుక్కు చాపి అందినట్టు సంతకం పెట్టించుకునేవాడు. పెట్టకపోతే గిన్నె ఇచ్చేవాడు కాదు. ఆయన భార్యను మేమంతా ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం. "ఈయనకు నౌకరీ అయిపోయింది గని, నౌకరీకి ఈయన అయిపోలే," అని ఆపా తల కొట్టుకునేది.

సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరి పాత సంగతులు చెప్పించుకునేవాళ్లం. నవ్వించేవే ఎక్కువ చెప్పేవాడు. ఒక్కటి మాత్రం నవ్వించేది కాదు, అది ఒక్కసారే చెప్పాడు. తొర్రూరు దగ్గర ఒక ఇల్లు ఖాళీ చేయించాలి. వారంటు పట్టుకుని వెళ్లేసరికి ఆ ఇంటావిడ పొయ్యి మీద అన్నం పెట్టింది. గెలిచినవాళ్లు బయట తొందర పెడుతున్నారు.

"నేనన్న, అన్నం ఉడకనియ్యిండ్రి అని. ఉడికింది. పిల్లలు తిన్నరు, ఆమె తిన్నది. నన్ను గూడ తినుమన్నది. అటెన్క నేనే గిన్నెలు ఒక్కొక్కటి బయటవెట్టిన. అన్నం ఉడికేదాంక ఆగుడు ఒక్కటే నా చేతులున్నది బిడ్డా. అంతకుమించి ఏం లేకుండె."

ఆపా లేచి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఇక ఆయన గర్వం గురించి చెప్పాలి, ఎందుకంటే మా కథంతా దానివల్లే వచ్చింది. ఆయనకు ఏ విషయంలోనూ గర్వం లేదు, ఒక్క కొలత విషయంలో తప్ప. గుట్టలూ వాగులూ పొలం గట్లూ ముప్పై ఏళ్లు కొలిచిన మనిషి. మా వరసలో మొట్టమొదట ఇల్లు కట్టింది ఆయనే. సొసైటీ సర్వేయరు సెలవులో ఉన్నాడు, వచ్చేదాకా ఆగమంటే ఆగలేదు. "కోర్టు అమీన్‌కు సర్వేయరా!" అని పొలాలు కొలిచే తన పాత గొలుసు తీసి, తనే కొలుచుకుని, పునాది తీయించాడు. ఆ తర్వాత కట్టినవాళ్లందరికీ పని సులువైపోయింది. సర్వేయరు ఎందుకు, అమీన్ సాబ్ గోడ ఉండగా? రెండో ఇంటివాళ్లు ఆయన గోడ నుంచి కొలుచుకున్నారు, మూడో ఇంటివాళ్లు రెండో ఇంటి గోడ నుంచి. అందరికన్నా చివర మేము, ఆరో ఇంటి గోడ నుంచి. మేస్త్రీ ఎందుకైనా మంచిదని సందేహపడితే, "అమీన్ సాబ్ కొలత అది, నోరు మూసుకుని కట్టు," అని అన్నది నేనే. ఈ మాట కూడా దాచుకోకుండా చెప్పాలి.

పన్నెండేళ్లకు పైగా హాయిగా బతికాం. మా ఇంటి అవతల పార్కు కోసమని వదిలిన జాగా ఉండేది. పార్కు ఎప్పుడూ రాలేదు, తుమ్మ చెట్లు మాత్రం వచ్చాయి. అమీన్ సాబ్ ఇంటికి ఇవతల, రోడ్డు పక్కన కూడా కొంత ఖాళీ ఉండేది. అది రోడ్డు వెడల్పు కోసం వదిలారని అందరం అనుకునేవాళ్లం. అక్కడ బట్టలు ఆరేసుకునేవాళ్లం, వడియాలు పెట్టుకునేవాళ్లం.

ఎనభైల్లో మున్సిపాలిటీవాళ్లు ఆ పార్కు జాగాలో నీళ్ల ట్యాంకు కట్టాలనుకున్నారు. కొలవడానికి సర్వేయరు ప్లాను పట్టుకుని వచ్చాడు. ఒక పూట కొలిచి, తల గోక్కుని, మళ్లీ కొలిచాడు. ఆఖరికి మా వాకిట్లో నిలబడి, "ఈ ఇల్లు మొత్తం పార్కులో ఉందండీ," అన్నాడు.

జరిగింది ఇదీ. కొలిచిననాడు మొదటి ప్లాటు మూల మీద హద్దురాయి లేదు. గుట్ట కింద చక్కగా చెక్కిన రాయి కనబడితే బట్టలుతికే బండకని ఎవరో ఒకరు పట్టుకుపోయే రోజులవి. అమీన్ సాబ్ రెండో రాయిని మొదటి రాయి అనుకున్నాడు. ఒకటో నంబరు ప్లాటు ఆయనది, ఇల్లు కట్టింది రెండో నంబరులో. రెండో ఇంటాయన కట్టింది మూడులో. అలా ఒక్కొక్కరం ఒక్కొక్క ప్లాటు జరిగిపోయాం. ఏడో నంబరు కావలసిన నేను పార్కులోకి వెళ్లి పడ్డాను. మేమంతా వడియాలు పెట్టుకుంటున్న రోడ్డు పక్క ఖాళీ జాగాయే అసలు ఒకటో నంబరు.

వారం తిరక్కుండా నాకు నోటీసు వచ్చింది. ప్రజల ఉమ్మడి స్థలంలో ఆక్రమణ, గడువులోగా తొలగించుకోవాలి, లేకుంటే కూల్చివేస్తాం. నేను ఆక్రమణదారునట! ఇరవైమందికి పైగా పిల్లలకు ఇంట్లో ఉచితంగా ట్యూషన్ చెప్పిన ఇల్లది. మా వారు నోటీసు చదివి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చదివారు. నేను ఆ కాగితం పట్టుకుని నేరుగా మొదటి ఇంటికి వెళ్లాను.

అరుగు మీద అప్పటికే నలుగురున్నారు. నేను ఎవరినీ చూడలేదు.

"ముప్పై ఏండ్లు కొలిచిన అంటిరి గద అమీన్ సాబ్? మీ గోడను నమ్మి కట్టుకున్నం. మా కొంప ముంచిండ్రు గద!" అని అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది.

ఆయన గోడ మీద చెయ్యి ఆనించి నిలబడి, "ఔ బిడ్డా," అన్నాడు. అంతే.

ఆ తర్వాత కాలనీ కాలనీలా లేదు. అందరూ ట్రంకు పెట్టెలు తీసి దస్తావేజులు బయటపెట్టారు. ఐదో ఇంటావిడకు నాలుగో ఇంటి మునగచెట్టు తన ప్లాటులో ఉన్నట్టు తేలింది. ఆ రోజు నుంచి మునక్కాయలు కోసుకోవడం మొదలుపెట్టింది. రెండో ఇంటివాళ్లూ మూడో ఇంటివాళ్లూ బావి ఎవరిదని మాటలు మానేశారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క వకీలు దగ్గరికి పరుగెత్తారు. అందరు వకీళ్లూ తిప్పి తిప్పి చెప్పింది ఒకటే. ఒకరి జాగాలో ఇంకొకరు పన్నెండేళ్లకు మించి బాహాటంగా ఉంటే కదిలించడం కష్టం, కాబట్టి ఎక్కడివాళ్లు అక్కడ ధీమాగా ఉండొచ్చు. ఒక్క చివరి ఇల్లు తప్ప. ఉమ్మడి స్థలానికి ఆ లెక్క పనికిరాదు, అక్కడ ముప్పై ఏళ్లు కావాలి. అంటే ఏడు ఇళ్లలో ఆరు భద్రం. పోయేది నా ఇల్లొక్కటే. ఆ సంగతి తెలిశాక ఐదారుగురి ముఖాల్లో కనబడిన నిశ్చింతను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

అమీన్ సాబ్ వకీలు ఇంకో మాట కూడా చెప్పాడు. ఆయన కట్టుకున్న ఇల్లు పన్నెండేళ్ల మీద ఆయనదే. రోడ్డు పక్క ఖాళీ మూల ప్లాటు కాగితం మీద ఎలాగూ ఆయనదే. రెండూ దక్కుతాయి, నోరు మెదపకుండా ఉంటే చాలు. ఆయన అల్లుడు చౌరస్తాలో అద్దె ముల్గీలో, అంటే చిన్న దుకాణం గదిలో, రేడియోలు బాగుచేసేవాడు. సొంత ముల్గీ అతనికి ఎన్నాళ్ల నుంచో కల. రోడ్డు పక్క మూల జాగా అంటే ఇక చెప్పాలా! మర్నాడే వచ్చి అడుగులు వేసి కొలుచుకున్నాడు. నేను మా గేటు దగ్గర నుంచి చూసి, అయిపోయింది, ఇక మన గతి ఇంతే అనుకున్నాను.

ఎనిమిది రోజులు అమీన్ సాబ్ బయటికి రాలేదు. తొమ్మిదో రోజు పొద్దున, ఎప్పుడో దాచిపెట్టిన ఖాకీ కోటు వేసుకుని, గొలుసు భుజాన వేసుకుని వీధిలోకి వచ్చాడు. గొలుసు రెండో కొస పట్టుకోమని మా వారిని పిలిచాడు. అందరూ చూస్తుండగా రోడ్డు నుంచి మొదలుపెట్టి ఏడు ప్లాట్లూ మళ్లీ కొలిచాడు. ప్రతి హద్దు దగ్గరా ఆగి, కొలత పైకి చదివాడు. చివరికి ఆరో ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ దగ్గర నిలబడి, "ఏడో నంబరు ఈడికి ఖతం. సర్వేయరు కొలత కరక్టు. నా కొలత తప్పు," అని వీధంతా వినబడేలా చెప్పాడు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన నోట ఎవరూ విని ఉండరు.

మధ్యాహ్నానికి ఆయన చేత్తో రాసిన కాగితం ఇంటింటికీ వచ్చింది. మొదటి రాయి లేదని చూసుకోకుండా కొలిచిన తప్పు తన ఒక్కడిదేనని, దాన్ని సవరించడానికి సభ్యులందరూ ఆదివారం తన అరుగు మీదికి రావాలని అందులో ఉంది. ప్రతివాళ్ల దగ్గరా అందినట్టు సంతకం తీసుకున్నాడు. తర్వాత మా వారినీ పోస్టుమాన్‌నీ సాక్షులుగా నిలబెట్టి, మైదాపిండి జిగురుతో ఒక ప్రతి తన తలుపుకు తనే అంటించుకున్నాడు. "నాకు గూడ అందాలె గద," అన్నాడు.

ఆదివారం మీటింగుకు సొసైటీ సెక్రటరీ బైలాల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. రిటైరైన ఓవర్సీరు, రూలు తప్పితే ఆయనకు అన్నం సహించదు. అమీన్ సాబ్ చెప్పింది చాలా సులువైన సంగతి. తన ఒకటో నంబరు మూల ప్లాటు ఉమ్మడి స్థలం కింద ఇచ్చేస్తాడు. దానికి బదులు మా ఇంటి కింద ఉన్న పార్కు జాగా నాకు రాయాలి. మిగతావాళ్లందరూ ఎవరి ఇల్లు ఏ ప్లాటులో ఉందో ఆ ప్లాటు మార్పిడి దస్తావేజులతో తమ పేర రాయించుకోవాలి. పార్కు ఇంచు కూడా తగ్గదు. నీళ్ల ట్యాంకు రోడ్డు పక్కకు వస్తుంది, మున్సిపాలిటీకి పైపులు వేసే పని తగ్గుతుంది.

"కౌన్సిలు ఒప్పుకోవాలె. అందరి సంతకాలు గావాలె. ఒక్కటి తప్పినా నడువది," అన్నాడు సెక్రటరీ. ఆ తర్వాత పుస్తకం మూసి, గొంతు తగ్గించాడు. "అమీన్ సాబ్, మీ వకీలు ఏం చెప్పిండో యాదికున్నదా? మీకు రెండూ దక్కుతయి."

"యాదికున్నది."

"మరి?"

"టీచరమ్మకు ఏది దక్కుతది?" అన్నాడు అమీన్ సాబ్.

నేను ఆపా పక్కన చాప మీద కూర్చుని ఉన్నాను. తల ఎత్తలేకపోయాను.

కౌన్సిలు ఒప్పుకునేదాకా నెలల తరబడి ఆయనా సెక్రటరీ మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కి దిగారు. కూల్చే నోటీసు అప్పటిదాకా ఆగింది. అంతకన్నా కష్టమైంది మూడో ఇంటి కిరాణం సేటు సంతకం. ఎలాగూ తన ఇల్లు భద్రం, రిజిస్ట్రీ ఆఫీసు చుట్టూ తిరగడం ఎందుకని ఆయన పట్టు. అమీన్ సాబ్ రోజూ పొద్దున ఆయన గేటు ముందు నిలబడి, "సేటూ, ఉన్నట్టా, లేనట్టా?" అనేవాడు.

"లేను!" అని లోపలి నుంచి సేటే అరిచేవాడు.

అమీన్ సాబ్ నోటుబుక్కు తీసి, "సేటు లేడని సేటే చెప్పినాడు," అని రాసుకుని, వీధిలో పోయేవాళ్లతో సాక్షి సంతకాలు పెట్టించుకునేవాడు. పదిరోజుల్లో ఇది కాలనీకి పెద్ద వినోదమైపోయింది. బడికి వెళ్లేవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. ఆఖరికి సేటు భార్యే ఆయన్ను ముందుకు తోసుకుంటూ గేటు దాకా తెచ్చింది. "పెద్దమనిషి రోజు ఎండల నిలబడ్తాండు, మీకు జరంతనన్న పాపం అనిపిస్తలేదా? పెట్టుండ్రి సంతకం!" అంది. సేటు పెట్టాడు. అమీన్ సాబ్ ఆయన్ను కౌగిలించుకున్నాడు.

ఈ మధ్యలో ఒక రోజు ఆపా దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగాలంటే ఆయన ముందు నోరు రాలేదు, ఆపా ముందు కూర్చున్నాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది.

"అల్లుడు అలిగిండు. పండుగకు గూడ రాలే," అంది.

"మీకు కోపం రాలేదా ఆపా?"

"ఎందుకు రాదు? మూడు దినాలు ఈయన చాయ్‌ల చక్కెర ఎయ్యలే. తాగిండు, ఏమనలే. నాలుగో దినం నేనే ఏసిన," అని నవ్వింది. "రాత్రిళ్లు నిద్ర పట్టకపోతుండె ఈయనకు. ఇప్పుడు మంచిగ గురక పెడ్తాండు. నాకు ముల్గీ ఎందుకు, ఈ గురక చాలు."

అల్లుడు కూడా ఏడాది తిరిగేలోపు మళ్లీ వచ్చాడు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ బెంగపడకుండా.

రిజిస్ట్రేషన్ రోజు ఏడు ఇళ్లవాళ్లమూ కలిసి పెళ్లికి వెళ్లినట్టు వెళ్లాం. ఐదో ఇంటావిడ నాలుగో ఇంటావిడకు దారి పొడుగునా మునగచెట్టు క్షమాపణలు చెప్పింది. సేటు అందరికీ సోడాలు తాగించాడు. అమీన్ సాబ్ షేర్వానీ వేసుకున్నాడు. అందరికన్నా ముందు ఆయన్నే పిలిచారు.

సబ్ రిజిస్ట్రారు కుర్రవాడు. దస్తావేజు చదివి, ప్లాను చూసి, ఈ ముసలాయన వైపు అనుమానంగా చూశాడు. రోడ్డు పక్క మూల జాగా వదులుకుంటున్నారని అర్థమైనట్టుంది. అందరినీ అడగవలసిన ప్రశ్నే, కొంచెం గట్టిగా అడిగాడు.

"పెద్దాయనా, ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనే రాసిస్తున్నారా?"

అమీన్ సాబ్ ఒకసారి వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు.

"ముప్పై ఏండ్లు సర్కారు కాగితం పట్టుకోని మందిని ఇండ్లళ్లకెల్లి బయటికి పంపిన సార్," అన్నాడు. "అండ్ల ఒక్కటి గూడ నా ఇష్టం గాదు. ఇది నా ఇష్టం."

సబ్ రిజిస్ట్రారు పుస్తకం ఆయన వైపు తిప్పాడు. అమీన్ సాబ్ కుడి నుంచి ఎడమకు, తొందర లేకుండా, ఉర్దూలో సంతకం చేశాడు. తర్వాత నా పేరు పిలిచారు. నన్నూ అదే ప్రశ్న అడిగారు. ఔనని తల ఊపి, పుస్తకంలో సంతకం పెట్టాను.